బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో వారం రోజుల తెరచాప ప్రయాణం: గాలిని బట్టి ప్లాన్ వేసుకోవడం ఎలా

బ్రిటిష్ వర్జిన్ దీవుల మ్యాపు ముందు పెట్టుకోండి. కరీబియన్ సముద్రంలో, ప్యూర్టో రికోకు తూర్పున, పై వరుసలో టోర్టోలా, వర్జిన్ గోర్డా కనిపిస్తాయి. కింది వరుసలో నార్మన్, పీటర్, సాల్ట్, కూపర్, జింజర్ దీవులు. ఈ రెండు వరుసల మధ్య ఉన్న నీటి దారి పేరు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానెల్. ఇక్కడ ఒక దీవి దగ్గర నిలబడితే తర్వాతి దీవి కనిపిస్తూనే ఉంటుంది. ఆటుపోట్ల తేడా రెండడుగులు దాటదు. గాలి దాదాపు ఏడాది పొడుగునా తూర్పు నుంచే వీస్తుంది. తెరచాప పడవను అద్దెకు తీసుకుని సొంతంగా తిరగాలనుకునే కుటుంబాలు ముందు ఇక్కడికే రావడానికి కారణం ఇదే.

చాలామంది చూడాల్సిన బీచ్‌ల జాబితా రాసుకుని, దాన్ని ఏడు రోజులకు పంచేసి అదే ప్లాన్ అనుకుంటారు. పడవ మీద అది కుదరదు. ముందు గాలి, తర్వాత మధ్యాహ్నం 2 గంటలు, ఆ తర్వాతే బీచ్‌లు. మొదటి రోజు తప్ప ఏ రోజైనా మధ్యాహ్నం 2 కల్లా రాత్రి ఉండే చోటికి చేరిపోవాలి. ఈ ఒక్క నియమం పట్టుకుంటే మిగతా ప్లాన్ దానంతటదే ఒక దారికి వస్తుంది.

ఏ నెలలో వెళ్లాలి

డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా సీజన్. గాలి మామూలుగా 15 నుంచి 20 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) ఉంటుంది. అయితే డిసెంబరు చివర, జనవరిలో అక్కడివాళ్లు క్రిస్మస్ గాలులు అని పిలిచేవి వస్తాయి. అవి 25 నాట్లు దాటి రోజుల తరబడి ఆగకుండా వీస్తాయి. అద్దెలు కూడా అప్పుడే చుక్కల్లో ఉంటాయి. చలికాలంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఉత్తర అట్లాంటిక్‌లో ఎక్కడో తుఫాను లేస్తే రెండు మూడు రోజుల తర్వాత దాని అలలు ఇక్కడి ఉత్తర తీరాలను తాకుతాయి. పైన గాలి మామూలుగానే ఉంటుంది, ఆకాశం నీలంగా ఉంటుంది, కానీ టోర్టోలా ఉత్తర తీరంలోని కేన్ గార్డెన్ బేలో రాత్రంతా పడవ ఊగి ఎవరికీ నిద్ర పట్టదు. అందుకే నవంబరు నుంచి మార్చి మధ్య వెళ్లేవాళ్లు గాలి అంచనాతో పాటు ఉత్తర అలల ఎత్తు కూడా రోజూ చూసుకోవాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు మే, జూన్ మొదటి సగం మంచివి. గాలి కాస్త ఆగ్నేయానికి తిరిగి మెత్తబడుతుంది, ఉత్తర అలలు ఉండవు, అద్దె తగ్గుతుంది. ఇండియాలో వేసవి సెలవులకూ, అమెరికాలో బడులు మూసే రోజులకూ అదే సమయం. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. అందులో ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలలను పూర్తిగా వదిలేయండి. 2017 సెప్టెంబరు 6న ఐదో కేటగిరీ హరికేన్ ఇర్మా ఈ దీవుల మీదుగానే వెళ్లింది.

పడవ, దాన్ని నడిపే మనిషి

రెండు రకాల పడవలు దొరుకుతాయి. ఒంటి పొట్ట ఉన్నది మోనోహల్, జంట పొట్టలు ఉన్నది కాటమరాన్. మోనోహల్ గాలికి ఒరిగి నడుస్తుంది. టేబుల్ మీద గ్లాసు నిలవదు, పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే కష్టం. 42 అడుగుల కాటమరాన్ ఏడు మీటర్లకు పైగా వెడల్పుంటుంది, ఒరగదు, సాధారణంగా నాలుగు గదులు, ఎనిమిది మందికి చోటు ఉంటాయి. పిల్లలు, తల్లిదండ్రులతో వెళ్లేవాళ్లు కాటమరాన్ తీసుకోవడమే మంచిది. ముందు వైపు గదుల్లో రాత్రి అలల చప్పుడు ఎక్కువ కాబట్టి పెద్దవాళ్లకు వెనక గదులు ఇవ్వండి.

నడిపేవాళ్లు లేకుండా పడవ మాత్రమే ఇవ్వడాన్ని బేర్‌బోట్ అంటారు. కంపెనీలు మీ సెయిలింగ్ రెజ్యూమె అడుగుతాయి: ఎంత పొడవు పడవ, ఎక్కడ, ఎన్ని రోజులు, పడవ నడిపే స్కిప్పర్‌గానా సిబ్బందిగానా. అమెరికాలో ఏఎస్ఏ (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్) 101, 103, 104 కోర్సులు, కాటమరాన్ కోసం 114, బ్రిటిష్ పద్ధతిలో ఆర్‌వైఏ (రాయల్ యాటింగ్ అసోసియేషన్) డే స్కిప్పర్ ఇందుకు పనికొస్తాయి. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో చిన్న పడవల మీద నేర్చుకున్నవాళ్లకు గాలిని చదవడం వచ్చేస్తుంది, అది పెద్ద ఆస్తి. కానీ పది పన్నెండు టన్నుల పడవను ఇరుకు చోట ఆపడం, లంగరు వేయడం అక్కడ రావు. కాబట్టి రెజ్యూమెలో ఉన్నది ఉన్నట్టు రాయండి.

అనుభవం సగం సగంగా ఉంటే స్కిప్పర్‌ను పెట్టుకోండి. వారమంతా అక్కర్లేదు, మొదటి రెండు మూడు రోజులకైనా సరిపోతుంది. రోజుకు సుమారు 250 నుంచి 350 డాలర్లు, పైన టిప్పు. ఇక్కడ చాలామంది లెక్క తప్పేది ఒక చోట: స్కిప్పర్‌కు ఒక గది ఇవ్వాలి, మూడు పూటలా భోజనం పెట్టాలి. నాలుగు గదుల పడవలో స్కిప్పర్ ఉంటే ఇక మూడు జంటలకే చోటు.

బేర్‌బోట్ అయితే ఎనిమిది మందిలో కనీసం ఇద్దరికి పడవ పని తెలిసి ఉండాలి. ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరికీ వారం రోజులూ సెలవు ఉండదు. వాళ్లకు ఒంట్లో బాగాలేకపోతే పడవ మొత్తం ఆగిపోతుంది.

పాస్‌పోర్టు దగ్గర పొరపాటు పడొద్దు

ఇది బ్రిటిష్ భూభాగం, డబ్బు మాత్రం అమెరికన్ డాలర్. మయామీ నుంచి, ప్యూర్టో రికోలోని శాన్ హువాన్ నుంచి టోర్టోలా పక్కనే ఉన్న బీఫ్ ఐలండ్ విమానాశ్రయానికి నేరుగా రావచ్చు. లేదా అమెరికాకు చెందిన సెయింట్ థామస్‌లో దిగి, అక్కడి నుంచి సుమారు గంట ఫెర్రీ మీద టోర్టోలా చేరవచ్చు. ఫెర్రీ దారి చవక. అయితే చివరి ఫెర్రీ సాయంత్రం తొందరగా వెళ్లిపోతుంది, కాబట్టి మధ్యాహ్నం 2 లోపు దిగే విమానమే తీసుకోండి.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాల్సిన సంగతి ఇది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినా కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లి రావచ్చని చాలామందికి తెలుసు. ఆ వెసులుబాటు చుట్టుపక్కల దీవులకు వర్తించేది ఎఫ్, జే వీసాలవారికి మాత్రమే. హెచ్-1బీ, హెచ్-4 వాళ్లు స్టాంపు గడువు ముగిశాక టోర్టోలా వెళ్తే తిరిగి అమెరికాలోకి రావడానికి కొత్త స్టాంపు కావాలి. పడవ అడ్వాన్సు కట్టకముందే అందరి పాస్‌పోర్టులూ తెరిచి, ఒక్కొక్కరి స్టాంపు తేదీ చూడండి. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో అడుగుపెట్టడానికి మీ పాస్‌పోర్టుకు ఏం కావాలో అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ దగ్గర విడిగా కనుక్కోండి. ఇండియా నుంచి మయామీ మీదుగా వచ్చేవాళ్లకు విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాలి.

నీళ్ల మీద కూడా సరిహద్దు ఉంటుంది. నార్మన్ దీవికి పడమర కనిపించే సెయింట్ జాన్ అమెరికాది. అందంగా ఉంది కదా అని అటు వెళ్లి మూరింగ్ (పడవ కట్టుకునే బంతి) పట్టుకోవడం కుదరదు.

రూటు

కాటమరాన్‌తో గాలికి ఎదురుగా సూటిగా వెళ్లడం కుదరదు. గాలి దిక్కుకు 50 నుంచి 60 డిగ్రీల వారగా ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వంకరటింకరగా పోవాలి. మ్యాపులో 7 మైళ్లు కనిపించే దూరం పదకొండు నుంచి పద్నాలుగు మైళ్లవుతుంది. కాబట్టి తూర్పుకు వెళ్లే రోజుల్లో దూరం తక్కువ పెట్టుకుని, పడమరకు వచ్చే రోజున ఎక్కువ పెట్టుకోవాలి. వేగం గంటకు 5 నాటికల్ మైళ్లుగా లెక్క వేయండి.

మొదటి రోజు టోర్టోలాలోని రోడ్ టౌన్‌లో పడవ అప్పగింత మధ్యాహ్నం దాకా నడుస్తుంది. తొందరపడకండి. లంగరు కిందికి దింపి పైకి లాగించండి, గొలుసు మీద గుర్తులు ఎన్ని మీటర్లకొకటి ఉన్నాయో అడగండి, డింగీ (ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ) మోటారు మీ చేత్తో స్టార్ట్ చేయండి, ప్రతి టాయిలెట్టూ నొక్కి చూడండి, పాత గీతలన్నిటినీ వీడియో తీయండి. ఇదంతా 2 కల్లా ముగిస్తే 6 మైళ్ల దూరంలో ఉన్న నార్మన్ దీవిలోని బైట్ అనే ఖాతానికి వెళ్లండి. 3 దాటితే ఆ రాత్రి డాక్‌లోనే పడుకోండి, ఒక సాయంత్రం పోతే పోయింది. చీకట్లో పడవ నడపడాన్ని దాదాపు అన్ని ఒప్పందాలూ నిషేధిస్తాయి. డిసెంబరులో సాయంత్రం 6 లోపే పొద్దు గుంకుతుంది.

రెండో రోజు పొద్దున్నే నార్మన్ పక్కనున్న గుహల దగ్గర, ఇండియన్స్ అనే రాళ్ల దగ్గర స్నార్కెలింగ్, అంటే నోట్లో గొట్టం పెట్టుకుని నీటి పైన తేలుతూ కింద చూడడం. తర్వాత కూపర్ దీవికి 7 మైళ్లు, గాలికి దాదాపు ఎదురు. ఓపిక లేకపోతే ఇంజిన్ వేయండి, తప్పేమీ లేదు. దారిలో సాల్ట్ దీవి దగ్గర 1867 అక్టోబరు 29న హరికేన్‌కు మునిగిన రోన్ అనే ఓడ ఉంది. వెనక భాగం తక్కువ లోతులో ఉండడంతో నీళ్లు తేరుకున్న రోజు స్నార్కెల్‌తోనే కనిపిస్తుంది. అక్కడ లంగరు వేయకూడదు.

మూడో రోజు తెల్లవారగానే లేవండి. వర్జిన్ గోర్డాలో బాత్స్ అనే చోట ఇల్లంత గ్రానైట్ బండలు సముద్రం ఒడ్డున ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటి సందుల్లో నీటి మడుగులు, పైనుంచి పడే ఎండ. ఆ దీవుల్లో ఏదైనా ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడాలి. కూపర్ నుంచి 5 మైళ్లు. నేషనల్ పార్క్ మూరింగ్‌లు పగటికే, పైగా ఒక్కో పడవకు 90 నిమిషాలే. ఉదయం 8 తర్వాత దొరకడం కష్టం. డింగీని ఒడ్డుకు లాగనివ్వరు. కొంత దూరంలో తాడుకు కట్టి అక్కడి నుంచి ఈదుకుంటూ వెళ్లాలి. మన ఇళ్లలో ఈత రానివాళ్లు ఎక్కువ. వాళ్లకు లైఫ్ జాకెట్ వేసి, పక్కన ఈత వచ్చినవాళ్లు ఒక్కొక్కరిని తీసుకెళ్లాలి. ఒడ్డున ఎర్ర జెండా ఎగురుతుంటే దిగొద్దు. అలాంటి రోజుల్లో పెద్దవాళ్లను ఊళ్లోంచి టాక్సీలో పై దారిన తీసుకెళ్లినా, కింద అలల దగ్గరికి మాత్రం పోనివ్వకండి. బాత్స్ నుంచి నార్త్ సౌండ్ సుమారు 8 మైళ్లు. చుట్టూ దీవులు, దిబ్బలు అడ్డున్న ప్రశాంతమైన చోటు, రాత్రికి అక్కడే.

నాలుగో రోజు అనెగడ, ఉత్తరానికి 13 మైళ్లు. తూర్పు గాలి పడవకు అడ్డంగా వీస్తుంది కాబట్టి తెరచాపకు ఇంతకన్నా మంచి రోజు ఉండదు. మిగతా దీవులు కొండలైతే ఇది పగడపు దీవి, అత్యంత ఎత్తైన చోటు 9 మీటర్లు కూడా ఉండదు. చాలాసేపు ముందు ఏమీ కనిపించదు, తర్వాత నీళ్లలోంచి చెట్ల కొసలు లేచినట్టు కనిపిస్తాయి. దీని తూర్పున హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంది. దాని మీద లంగరు నిషేధం. ఉదయం 10 నుంచి 2 మధ్య, సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడే అనెగడలో పడవలు ఆగే సెట్టింగ్ పాయింట్ చేరండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి రంగు చదవవచ్చు: ముదురు నీలం లోతు, లేత ఆకుపచ్చ ఇసుక, గోధుమ రంగు పగడం, అంటే ఆగిపోవాలి. సాయంత్రం ఎండ కళ్లల్లో పడుతుంటే ఈ రంగులేవీ తెలియవు. లోపలికి వెళ్లేటప్పుడు ఎర్ర బోయాలు కుడి చేతికి ఉండాలి. మబ్బు పట్టినా, గాలి 25 నాట్లు దాటినా అనెగడ మానేసి నార్త్ సౌండ్‌లోనే ఇంకో రోజు ఉండండి. కొన్ని కంపెనీలు ముందుగా అనుమతి తీసుకోనిదే అక్కడికి వెళ్లనివ్వవు, ఒప్పందంలో చూడండి. రాత్రికి లాబ్‌స్టర్ తినాలంటే మధ్యాహ్నమే రెస్టారెంట్‌కు రేడియోలో చెప్పాలి.

ఐదో రోజు జోస్ట్ వాన్ డైక్ దీవికి 27 మైళ్లు, గాలి వెనక నుంచి, ఐదు గంటల పైచిలుకు. ఉదయం 8 కల్లా కదలాలి. ఆరో రోజు అక్కడే విశ్రాంతి. ఏడో రోజు టోర్టోలా పడమటి కొన చుట్టి మళ్లీ నార్మన్‌కో పీటర్ దీవికో చేరండి, ఎందుకంటే ఎనిమిదో రోజు ఉదయమే పడవ అప్పగించాలి. చివరి రాత్రి జోస్ట్‌లో ఉంటే ఆ ఉదయం ఎదురుగాలిలో హడావిడి తప్పదు.

ఐదో రోజు మీద ఒక హెచ్చరిక. 20 నాట్ల గాలి వెనక నుంచి వీస్తూ, పడవ 7 నాట్లతో పోతుంటే పడవ మీది గాలి మీటరు 13 చూపిస్తుంది. హాయిగా ఉంటుంది. ఏదో కారణానికి పడవను గాలివైపు తిప్పగానే అదే గాలి 25 అవుతుంది. మోనోహల్ అయితే ఒరిగి చెబుతుంది, కాటమరాన్ చెప్పదు, నేరుగా తాడు తెగుతుంది, లేదా తెరచాప కొయ్య విరుగుతుంది. అసలు గాలి 18 దాటితే మొదటి రీఫ్ వేసి, అంటే కొంత భాగం మడిచి కట్టి, పెద్ద తెరచాపను కుదించండి. కంపెనీ ఇచ్చిన రీఫ్ పట్టికను చుక్కాని దగ్గర అంటించుకోండి.

మూరింగ్ బంతి పట్టుకోవడం

రాత్రుళ్లు చాలాచోట్ల లంగరు బదులు అడుగున బిగించిన మూరింగ్ బంతికి కట్టుకుంటారు. రాత్రికి సుమారు 30 నుంచి 60 డాలర్లు. కొన్ని ఆరెంజ్ బంతులను బోటీబాల్ యాప్‌లో అదే రోజు ఉదయం 7 గంటలకు బుక్ చేసుకోవచ్చు, మిగతావి ముందొచ్చినవాళ్లకే. 2 గంటల నియమం ఇందుకే.

పని ఇలా జరగాలి. ముందు డింగీ తాడును పొట్టిగా కట్టండి, లేదంటే వెనక్కి వచ్చేటప్పుడు అది ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువగా జరిగే ప్రమాదం ఇదే. ఇద్దరు ముందుకు వెళ్లాలి, ఒకరు కొక్కెం కర్రతో, ఒకరు రెండు తాళ్లతో. పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉంచి, నడక వేగం కన్నా తక్కువలో బంతి వైపు రండి. చివరి ఐదు మీటర్లలో చుక్కాని దగ్గర ఉన్నవాళ్లకు బంతి కనిపించదు, కాబట్టి ముందున్నవాళ్లు కర్రను బంతి వైపు చూపిస్తూనే ఉండాలి. ఇంజిన్ చప్పుడులో అరుపులు వినబడవు, చేతి సైగలు ముందే అనుకోండి.

బంతి కింద తాడు చివర ఒక కన్ను, అంటే ఉంగరంలాంటి చుట్టు ఉంటుంది. ఎడమ క్లీటు (పడవ మీద తాడు కట్టే కొక్కెం) తాడును ఆ కంట్లోంచి తీసి మళ్లీ ఎడమ క్లీటుకే కట్టాలి. కుడి తాడు మళ్లీ కుడికే. ఒకే తాడును ఎడమ నుంచి కంట్లోంచి కుడికి కడితే, రాత్రంతా పడవ అటూ ఇటూ ఊగినప్పుడు ఆ తాడు కంట్లో రంపంలా అటూ ఇటూ లాగుతుంది. తెల్లవారేసరికి ఒరిసి తెగిపోవచ్చు. ఒకసారి అందకపోతే పట్టుకుని వేలాడకండి, వదిలేసి చుట్టు తిరిగి రండి. కట్టాక ఒకరు స్నార్కెల్ పెట్టుకుని కింద తాడు, గొలుసు బాగున్నాయో లేదో చూడాలి.

బంతులు దొరక్క లంగరు వేస్తే ఇసుకలోనే వేయండి. లోతు 5 మీటర్లు, పడవ ముక్కు ఎత్తు మీటరున్నర అనుకుంటే, మొత్తానికి అయిదింతలు, అంటే సుమారు 33 మీటర్ల గొలుసు వదలాలి. తర్వాత వెనక్కి మెల్లగా లాగి, ఒడ్డున ఒక చెట్టునూ వెనక ఒక కొండనూ గుర్తు పెట్టుకోండి. అవి ఒకదాన్నుంచి ఒకటి జరుగుతుంటే లంగరు ఈడుస్తోందన్నమాట.

నీళ్లు, టాయిలెట్, వంట

42 అడుగుల కాటమరాన్‌లో మంచినీళ్లు 600 లీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. ఎనిమిది మందికి మూడు రోజులంటే మనిషికి రోజుకు 25 లీటర్లు. స్నానం, గిన్నెలు, అన్నీ అందులోనే. సముద్రంలో ఈది, వెనక మెట్ల మీద రెండు నిమిషాలు మంచినీళ్లు పోసుకుంటే సరిపోతుంది. గిన్నెలు ముందు సముద్రపు నీళ్లతో తోమి, చివర మాత్రం మంచినీళ్లతో తొలపండి. నీళ్లు నింపుకోవడానికి నార్త్ సౌండ్ సరిగ్గా మధ్యలో వస్తుంది.

టాయిలెట్‌లో మీరు తిన్నది తప్ప ఇంకేమీ పడకూడదు, కాగితం కూడా బుట్టలోనే. పిల్లలకు మొదటి గంటలోనే చెప్పండి. పైపు మూసుకుపోతే విప్పి బాగుచేయాల్సింది మీరే. నీళ్లు వాడే మన అలవాటు ఇక్కడ కలిసొస్తుంది, చాలా పడవల్లో పక్కనే చేతి షవర్ ఉంటుంది.

వంటగదిలో గ్యాస్‌కు విడిగా ఒక కరెంటు స్విచ్ ఉంటుంది, అది వేస్తేనే గ్యాస్ వస్తుంది, వంట కాగానే ఆపేయాలి. గ్యాస్ గాలికన్నా బరువు, లీకయితే పడవ అడుగున చేరుతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ ఒకటి ఇంటి నుంచే తెచ్చుకోండి. గ్యాసూ నీళ్లూ రెండూ కలిసొస్తాయి. పడవ కదిలేటప్పుడు పొయ్యి వెలిగించకండి. మధ్యాహ్నం భోజనం పొద్దున్నే చేసి పెట్టుకోవాలి. పులిహోర ఇందుకే పుట్టిందా అనిపిస్తుంది: చెడదు, వేడి చేయక్కర్లేదు, ఊగుతున్న పడవలో ఒక్క చేత్తో తినొచ్చు. పెరుగన్నం కడుపులో వికారం ఉన్నవాళ్లకు. పప్పులు, పొడులు, పచ్చళ్లు ఇంటి నుంచి తెచ్చినవి కస్టమ్స్‌లో చెప్పండి. కూరగాయలు టోర్టోలాలో కొనాలి, అమెరికాకన్నా ధర బాగా ఎక్కువ. సరుకుల అట్టపెట్టెలను డాక్ మీదే వదిలేయండి, వాటి మడతల్లో బొద్దింకల గుడ్లుంటాయి.

సముద్రం పడనివాళ్లు మాత్ర బయల్దేరే ముందు రాత్రే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేస్తే లోపల నిలవదు. కింద గదుల్లో పడుకోకుండా పైన కూర్చుని దూరంగా దిగంతం వైపు చూడాలి.

బీచ్‌లలో మంచినీల్ అనే చెట్టుంటుంది. పేరు మన మంచినీళ్లలా వినిపిస్తుంది గానీ పాల నుంచి పండు దాకా అంతా విషమే. చిన్న ఆకుపచ్చ ఆపిల్‌లా ఉన్న కాయలు ఇసుకలో రాలి ఉంటాయి. పిల్లలను ముట్టుకోనివ్వకండి, వాన పడితే ఆ చెట్టు కింద నిలబడకండి, ఆకుల మీది నీళ్లు పడినా ఒళ్లు పొక్కుతుంది.

రేడియో ఎప్పుడూ 16వ ఛానెల్‌లో ఉంచండి. ఆపద వస్తే విసార్ అనే స్వచ్ఛంద రక్షణ దళం ఉంది. రాత్రికి డింగీని పైకి ఎత్తి కట్టేయండి, మోటారు నడిపేటప్పుడు కిల్ స్విచ్ (మనిషి పడిపోతే మోటారును ఆపేది) తాడు చేతికి చుట్టుకోండి.

చివరి ఉదయం డీజిల్ పంపు దగ్గర వరుస ఉంటుంది, 8 కల్లా అక్కడుండండి. మొదటి రోజు తీసిన వీడియో ఫోన్‌లో తెరిచి పెట్టుకుని, కంపెనీ మనిషితో కలిసి పడవ చుట్టూ తిరిగి, డిపాజిట్ కాగితం మీద సంతకం అయ్యాకే సామాన్లు దించండి.